కండెల బుట్ట

మొన్న ఒక ఆదివారం పొద్దున మన సంఘం పఠనాలయం తలుపులు తీసి పాత సంచికలు సర్దుకొంటూ ఉన్నాము. పద్మనగర్ నుండి ఒక అవ్వ వచ్చి మెట్టు మీద కూర్చున్నది. డెబ్బై దాటిన మనిషి. ఆమె మామగారు కరీంనగర్ జిల్లా నుండి చేతిసంచితో వచ్చి, ఈ ఊళ్ళో పరుల సాంచాల మీద పనిచేసి చేసి పోయినవాడు. ఈనాడు ఆ ఇంటివారికి స్వంత కార్ఖానా ఉన్నది. అవ్వ వచ్చిన పని ఇది.

"నాయనా, మా పెద్ద మనుమడు ఇగత్‌పురి పోయి పది దినాలుండి వచ్చిండు. ఆడ నోరు తెరువద్దట. ఇంటికొచ్చినంక గూడ పొద్దుగాల్నే లేచి కండ్లు మూసుకొని గోడ పొంటి కూసుంటుండు. పోరడు సన్నాసులల్ల కలుస్తడా ఏంది?"

అట్టి భయమేమీ అక్కరలేదనీ, ఒంటికి కసరత్తు ఉన్నట్లే అది మనస్సుకు ఒక కసరత్తు అనీ చెప్పాము. అవ్వ తృప్తిపడలేదు. కొంగు సర్దుకొని అసలు సంగతి బయటపెట్టినది.

"గదొక్కటే అయితే మీదాక రాకపోదును. కార్ఖానల డామేజి కటింగు వద్దని కూసున్నడు. తండ్రికీ కొడుక్కీ నెల సంది మాటల్లేవు. మీరు పెద్దమనుషులు, పిలగానికి ఒక మాట చెప్పుండ్రి."

చెపుతామని తల ఊపి పంపించాము. ఆ రాత్రి పడుకొన్న తరువాత మా జవాబు మాకే వెగటు అనిపించినది. కసరత్తు అన్న మాట తప్పు. రెండవ సంగతిలోనేమో మాకు నలభై ఏళ్ళ నాటి పాత బాకీ ఒకటి ఉన్నది. ఈ రెండూ ఒకే సంగతికి రెండు కొసలని తోచి, ఈ నెల మన శీర్షికను దీనికే కేటాయించినాము. చదువరులు ఓపిక పట్టవలెను.

ఇగత్‌పురి మనకు దూరదేశం కాదు. నాసిక్ రోడ్డు పట్టుకొని షహాపూర్ దాటి కసారా ఘాటు ఎక్కితే వచ్చేదే. అక్కడ 1976లో ధమ్మగిరి అనే ధ్యానకేంద్రం వెలసినది. నెలకొల్పినవారు సత్యనారాయణ గోయెంకాగారు. 1924లో బర్మాలోని మాండలేలో పుట్టిన మార్వాడీ వర్తకులు. ఎంతకూ వదలని తలనొప్పితో వేగలేక 1955లో రంగూనులో ఊ బా ఖిన్ అనే గురువును ఆశ్రయించి విపశ్యన నేర్చుకొన్నారు. 1969లో మనదేశం వచ్చి నేర్పనారంభించి 2013లో కన్నుమూసినారు. హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న ధమ్మఖేత్తమూ వారి సంప్రదాయంలోనిదే. కనుక ఇది మనవారికి బొత్తిగా కొత్త కాదు.

అక్కడి పద్ధతి ఇట్లా ఉంటుంది. రుసుము లేదు, ముందు నేర్చుకొని వెళ్ళినవారి దానాలతో వెనుక వచ్చినవారికి అన్నం. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. రోజుకు ఇంచుమించు పది గంటలు కూర్చోవలెను. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడాన్ని గమనించడం తప్ప వేరే పని లేదు. నాలుగవ నాటినుండి ఒంటిమీద కలిగే నొప్పినీ దురదనూ వేడినీ చూచి, గోకకుండా, విసుగుకోకుండా, అది కూడా పోయేదేనని తెలిసికొంటూ కూర్చోవడం. పదవనాడు మౌనం విడిచి, ఎదుటివారి మేలు కోరే మైత్రీభావన నేర్పుతారు. అయితే ఇదంతా మొదలుకాక ముందే ఐదు శీలాలు పట్టిస్తారు. ప్రాణం తీయను, ఇవ్వనిది పుచ్చుకోను, వ్యభిచరించను, అబద్ధమాడను, మత్తు ముట్టను అని. ఊపిరిని చూడటం ఆ తరువాతి మాట. కసరత్తుకు శీలంతో పని లేదు, దొంగ కూడా దండీలు తీయవచ్చును. మేము అవ్వతో పొరబడినది ఇక్కడే.

గోయెంకాగారి గురువు ఊ బా ఖిన్ సంగతి మన సంసారులకు మరీ ఉపయోగం. ఆయన సన్యాసి కాడు. భార్యాపిల్లలున్న ఉద్యోగి. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన 1948లో ఆ ప్రభుత్వానికి తొలి అకౌంటెంట్ జనరల్ అయినాడు. లంచాలు రివాజుగా ఉన్న చోట లెక్కలు చూస్తూనే తన కచ్చేరీలోనే ధ్యానానికి ఒక గది పెట్టి, క్రిందివారికి నేర్పినాడు. ఆయనకు గురువైన సయా థెట్‌జీ సేద్యం చేసుకొనే మనిషి. అవ్వ భయం తీర్చడానికి ఈ ఒక్క వంశావళి చాలునుగదా! సేద్యగాడు, లెక్కల గుమస్తా, వర్తకుడు — ముగ్గురిలో సన్యాసిగా మిగిలిపోయినవాడు ఒక్కడూ లేడు.

ఇక అసలు మాట. ఇంగ్లీషువారు దీనిని మైండ్‌ఫుల్‌నెస్ అంటారు. 1881లో రీస్ డేవిడ్స్ పండితుడు పాళీలోని ‘సతి’ అనే మాటకు ఈ పేరు పెట్టినాడు. 1979లో అమెరికాలో కబాట్ జిన్ అనే ఆచార్యుడు నొప్పులతో బాధపడే రోగులకు ఆసుపత్రిలో దీనిని నేర్పడం మొదలుపెట్టిన తరువాత ఆ మాట లోకమంతటా ప్రాకినది. పాళీ సతి అన్నా సంస్కృత స్మృతి అన్నా ఒకటే, గుర్తు అని అర్థం. అంతకన్న దగ్గరి మాట మన ఇళ్ళలోనే ఉన్నది. యాది! "పొయ్యి మీద పాలున్నయి, యాదుంచుకో" అంటుంది తల్లి. ఆ యాదియే ఇది. పాలు పొంగేటప్పుడు పాలున్నవని గుర్తుండటం ఎట్లాంటిదో, కోపం పొంగేటప్పుడు కోపం వస్తున్నదని గుర్తుండటమూ అట్లాంటిదే. సతిపట్ఠాన సూత్రంలో బుద్ధుడు చెప్పిన తావులు చూస్తే నవ్వు వస్తుంది, అంత మామూలువి. నడవడం, తిరిగి చూడటం, చేయి చాచడం ముడవడం, బట్ట కట్టుకోవడం, తినడం, తాగడం, చివరకు చెంబు పట్టుకొని పోవడం కూడా! మాట్లాడటమూ ఊరుకోవడమూ అందులోనివే. గుహ అక్కరలేదు. చెంబూ కంచమూ ఉంటే చాలు.

మన సాంచాల పనిలో యాది లేకపోతే గడవదని మీరందరూ ఎరుగుదురు. ఒక్క మనిషి ఆరో ఎనిమిదో సాంచాలు చూస్తూ, పక్కవాడు చెవిలో అరిస్తే తప్ప వినపడని చప్పుడులో, ఎక్కడ పోగు తెగినదో చూపుతో పట్టవలెను. అయితే ఆ చూపంతా పోగు మీదనే. ఆ పోగు పట్టుకొన్న చేతికి వెనుక ఉన్న మనస్సు ఏమి చేస్తున్నదో చూచే అలవాటు మనకు లేదు. మాకు లేదని మొదట ఒప్పుకొంటాము.

మాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పగటి పాళీలో పని. ఒకనాడు ఇంట్లో అన్నతో వాటాల పంచాయితీ పెట్టుకొని కార్ఖానాకు వచ్చాము. చేతులు సాంచాల మీద, మనస్సు అన్న మీద. ఒక సాంచా మీద నాలుగు పడుగు పోగులు తెగి, పక్క పోగులను చుట్టుకొని, రెండు మూడు గజాల పొడుగున బట్ట గూడు కట్టినది. చూచేసరికే అది బీముకు చుట్టుకొన్నది. విప్పి మెహతాకు చూపితే తిట్లూ కటింగూ. చూపలేదు. ఏడింటికి పాళీ మారినది. రాత్రి పాళీవాడు ఉత్తరప్రదేశపు మనిషి, మాకన్న పదేళ్ళు పెద్ద, మమ్మల్ని "ఛోటే" అని పిలిచేవాడు. రెండు రోజులకు తాకా ఘడీకి వచ్చి డామేజి బయటపడినది. ఏ పాళీలో జరిగినదన్నారు. రాత్రివాడు కునికి ఉంటాడని మెహతా అన్నాడు. ఆ మనిషి మా వైపు చూచినాడు. మేము నాడెలో కండె మార్చుకొంటూ తల ఎత్తలేదు. వానికి కటింగు పడినది. ఆ వారం బిస్సీలో వాని అన్నం బాకీ రాసుకొన్నారని తరువాత తెలిసినది. హోలీకి ఊరికి పోయినవాడు మళ్ళీ ఆ కార్ఖానాకు రాలేదు.

ఆ పగలు పోగు తెగినప్పుడు యాది లేదు, అది పొరపాటు. తాకా విప్పినప్పుడు యాది బాగానే ఉన్నది, ప్రతి నిమిషమూ ఉన్నది. ఉండీ నోరు మూసుకొన్నాము. మనస్సు నిలపడం నేర్చినంత మాత్రాన మనిషి మంచివాడవుతాడని ఎవరైనా అంటే మాకీ సంగతి గుర్తుకు వస్తుంది.

బౌద్ధగ్రంథాలలో మన వృత్తివారి కథ ఒకటి ఉన్నది. ధమ్మపదానికి పాళీలో రాసిన అట్ఠకథలో కనిపిస్తుంది. మన కులపురాణాల్లో భావనారుషి కథ తెలిసినంతగా ఇది మనవారికి తెలియదు కనుక కొంచెం వివరంగా చెపుతాము.

ఆళవి అనే ఊరికి బుద్ధుడు వచ్చి, చావు తప్పదనీ ఎప్పుడో తెలియదనీ, దానిని యాదిలో పెట్టుకొని బ్రతకండనీ బోధించినాడు. ఊరంతా విని, ఎవరి పనిలో వారు పడి మరచిపోయినారు. పదహారేళ్ళ సాలెపిల్ల ఒకతె మాత్రం మరువలేదు. మూడేళ్ళు ఆ ఒక్క మాటను మనస్సులో తిప్పుకొంటూ ఇంటిపని చేసినది. తల్లి లేని పిల్ల. మూడేళ్ళకు బుద్ధుడు మళ్ళీ ఆ ఊరికి వస్తున్నాడని విని ఎంతో సంతోషించినది. సరిగ్గా ఆ పూటనే తండ్రి, మగ్గం మీద పరులది బట్ట ఉన్నదనీ, జానెడు మిగిలినదనీ, త్వరగా కండెలు చుట్టి తెమ్మనీ చెప్పి మగ్గాలశాలకు పోయినాడు. పిల్ల సంకటంలో పడినది. చుట్టకపోతే తండ్రి కొడతాడు. ఆలోచించి, మొదట కండెలు చుట్టినది. బుట్ట పట్టుకొని మగ్గాలశాలకు పోతూ దారిలో సభ అంచున నిలబడినది. బుద్ధుడు అప్పటికే భోజనం ముగించి ఊరివారందరి ముందు మౌనంగా కూర్చుని ఉన్నాడు. ఈ పిల్ల కోసమే ఆగినాడట! అంత సభ ఒక కండెల బుట్ట కోసం కాచుకొని ఉండటం మాకు ఈ కథలో ఎంతో ఇష్టమైన తావు.

ఆమెను దగ్గరకు పిలిచి నాలుగు ప్రశ్నలు వేసినాడు. ఎక్కడినుండి వస్తున్నావంటే తెలియదన్నది. ఎక్కడికి పోతావంటే తెలియదన్నది. తెలియదా అంటే తెలుసునన్నది. తెలుసునా అంటే తెలియదన్నది. సాలెవాని కూతురుకు ఎంత పొగరని సభ గొణిగినది. పుట్టకముందు ఎక్కడిదో, చచ్చి ఎక్కడికి పోతుందో తెలియదనీ, చావు తప్పదని తెలుసుననీ, ఎప్పుడో తెలియదనీ ఆమె విప్పి చెప్పినది. బుద్ధుడు మెచ్చినాడు. ఆమె బుట్ట తీసికొని తండ్రి దగ్గరకు పోయినది. తండ్రి మగ్గం దగ్గరే కూర్చుని నిద్రపోతున్నాడు. బుట్ట మగ్గానికి తగిలి చప్పుడైనది. ఉలికిపడి లేచి, నిద్రమత్తులో చేతిలోని దానిని లాగినాడు. మగ్గపు కొస పిల్ల రొమ్మున తగిలినది. ఆమె అక్కడే పడిపోయినది. తండ్రి ఏడ్చుకొంటూ బుద్ధుని దగ్గరకు పోయి భిక్షువైనాడు.

పనికీ ధర్మానికీ పోటీ పడినప్పుడు ఆ పిల్ల కండెలు ఎగవేసి సభకు పరుగెత్తలేదు, గమనించండి. పని చేసింది, మాట విన్నది, మళ్ళీ పనిలోకే పోయినది.

కార్ఖానా ఉన్నవారికి బుద్ధుడు చెప్పినది వేరే ఉన్నది. సిగాలుడనే గృహస్థుడు రోజూ తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కేవాడు. తల్లిదండ్రులు, గురువులు, భార్యాబిడ్డలు, స్నేహితులు, పనివారు, సాధువులు — వీరే ఆరు దిక్కులని బుద్ధుడు అతనికి నేర్పినాడు. అందులో పనివారిది క్రింది దిక్కు. యజమాని వారికి చేయవలసినవి ఐదు: బలానికి తగిన పని చెప్పడం, కూలీ తిండీ ఇవ్వడం, జబ్బు చేస్తే చూచుకోవడం, మంచి వంటకం ఇంట్లో చేసినప్పుడు పంచడం, వేళకు సెలవివ్వడం. పనివారూ ఇచ్చినదే పుచ్చుకొని, పని బాగా చేయవలెను. సంపాదనను నాలుగు పాళ్ళు చేసి ఒకటి అనుభవానికి, రెండు వ్యాపారానికి, ఒకటి ఆపదకు దాచమని కూడా అక్కడే ఉన్నది. ఆ నాలుగవ పాలు ఎంత అవసరమో 2020లో చూచినాము. సాంచాలు ఆగినవి, బిస్సీలు మూతపడినవి, ఇదే నాసిక్ రోడ్డు మీద మనుషులు పిల్లలను భుజాన వేసుకొని నడిచి పోయినారు. మే నెల మొదట్లో మన భివండీ రోడ్ స్టేషను నుండి గోరఖ్‌పూర్‌కు ప్రత్యేక రైలు వేసినారు. మనలో కొందరు ఆ రోజుల్లో పనివారికి బియ్యం పోసినారు. కొందరు తలుపు తీయలేదు. ఎవరెవరో మీకే తెలుసు.

ఇవి దూరపు గ్రంథాల మాటలనుకోవద్దు. వసయి లైను మీద పోతే నాలాసోపారా. అక్కడ 1882లో భగవాన్‌లాల్ ఇంద్రజీ పండితుడు స్తూపాన్ని త్రవ్వించినాడు. అశోకుని ఎనిమిదవ శాసనపు ముక్క అప్పుడు దొరికినది. 1956లో దగ్గరి భుయిగావ్‌లో తొమ్మిదవ శాసనపు ముక్క దొరికినది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో పధ్నాలుగు శాసనాలూ ఉన్నవి కనుక ఈ తొమ్మిదవది మన తెలుగు నేల మీదా చెక్కి ఉన్నదన్నమాట. జనం జబ్బులకూ పెళ్ళిళ్ళకూ ప్రయాణాలకూ ఏవేవో మంగళకార్యాలు చేస్తారు, వాటి ఫలం కొద్ది. దాసులతోనూ పనివారితోనూ సరిగా నడుచుకోవడం, పెద్దలను గౌరవించడం, ప్రాణులను హింసించకపోవడం — ఇదే అసలు మంగళమని అందులోని సారాంశం. రెండువేల రెండువందల ఏళ్ళ క్రిందట మన పక్క రేవులో రాతి మీద వేసిన మాట. మనము కొత్త సాంచాకు కొబ్బరికాయ కొట్టేటప్పుడు యాదికి రాదు.

ఇంకొక మాట, మనవారికి కొంచెం చేదుగా ఉన్నా. మన వీధులకు నాలుగు అడుగుల దూరంలో బౌద్ధ కుటుంబాలు ఉన్నవి. 1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేడ్కరుగారితో పాటు లక్షలమంది దీక్ష తీసుకొన్న నాటినుండి వారికి ఈ పంచశీలాలు ఇంటి మాటలు. మన పిల్లలు బుద్ధుని సంగతి వినడానికి కసారా ఘాటు ఎక్కి పోతారు గాని, పక్క సందులో బుద్ధజయంతికి పిలిస్తే మనము పోయినదెన్నడు? వారికి బుద్ధుడంటే మొదట మనిషి మనిషితో నడుచుకొనే తీరు, తరువాతనే కండ్లు మూసుకోవడం. ఆ వరుస సరైనదేనని మాకు తోస్తున్నది.

మరొక హెచ్చరిక. పది రోజుల మౌనం అందరికీ పడదు. మనోవ్యాధికి మందులు వాడేవారు ముందుగా ఆ సంగతి కేంద్రంవారికి తెలుపవలెను. వైద్యుని అడగకుండా మాత్రలు మాని పోరాదు. ఇంట్లో మొదలుపెట్టదలచినవారికి ఇంత తంటా లేదు. బియ్యం కడిగేటప్పుడు నీళ్ళ చల్లదనం తెలిస్తే చాలు. కోడలి మీద మాట విసిరే ముందు ఒక్క ఊపిరి వచ్చి పోనిస్తే చాలు. మేము ఈ రెండవది సాధన చేస్తున్నాము. పది సార్లలో మూడు సార్లు కుదురుతున్నది.

మాట ఇచ్చినాము కనుక కిందటి వారం అవ్వ ఇంటికి పోయినాము. కుర్రవానితో ఏమీ చెప్పలేదు. తండ్రిని కూర్చోబెట్టి మా రాత్రి పాళీవాని కథ చెప్పినాము. ఆయన శ్రద్ధగా విని, "అన్నా, మీరన్నది నిజమే. కాని నూలు వ్యాపారిది, సాంచా నాది. డామేజి వస్తే వాడు నా మజూరిల కోస్తడు. నేనెక్కడికెళ్ళి తేవాలె? మీరు పత్రికల రాసి పండుకుంటరు" అన్నాడు. జవాబు చెప్పలేకపోయినాము. అది న్యాయమైన ప్రశ్నయే. కొడుకు అప్పుడు మొదటిసారి నోరు విప్పి, కటింగు పూర్తిగా తీసివేయమని తాను అనలేదన్నాడు. ఘడీ బల్ల మీద ఒక పెద్ద దీపం వేలాడదీసినాడట. పాళీ మారేటప్పుడు ఇద్దరు పనివారూ నిలబడి బట్ట చూచి, ఎంతవరకు ఎవరిదో సుద్దముక్కతో గీత పెట్టవలెనట. అందుకు పావుగంట సాంచాలు ఆగుతవి. తండ్రి బాధ ఆ పావుగంట గురించి.

అవ్వకు సాలెపిల్ల కథ చెప్పినాము. ఆమె చిన్ననాడు ఇంట్లో రాట్నం మీద కండెలు చుట్టినదే. కథ అయిన తరువాత కొంతసేపు ఊరుకొని, "పాపం, ఆ తండ్రి రాత్రంతా నేసి ఉంటడు. గందుకే నిద్రపట్టింది" అన్నది. కొడుకు వైపు చూచి, "చాయ్ పెడుతున్న, అందరూ తాగుండ్రి" అని లేచినది. తండ్రీ కొడుకులు ఒకే పళ్ళెంలోని గ్లాసులు తీసుకొన్నారు, మాట్లాడుకోలేదు. ఇది అచ్చుకు పోయేనాటికి ఆ పావుగంట ఇంకా తేలలేదు.